మన కాలువకు ఏ పరీక్ష, ఏ వైద్యం? తిరుపతి కాలనీలకు ఒక పోలిక

మా కాలనీ మీటింగులో కాలువ కంపు గురించి మాట మొదలైన పది నిమిషాలకే మూడు మందులు బయటికొచ్చాయి. ఒకాయన ఫౌంటెన్ పెడదామన్నాడు. ఇంకొకాయన బ్యాక్టీరియా ద్రావణం డ్రమ్ముల్లో తెప్పించి పోద్దామన్నాడు. మిగతా అందరిదీ ఒకటే మాట: "స్లాబ్ వేసి మూసేస్తే పోలా, చూడాల్సిన పనే ఉండదు." ఇంతలో మా పక్కింటన్న జేబులోంచి టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే చిన్న మీటరు) తీసి, బకెట్లో తెచ్చిన కాలువ నీళ్లలో ముంచాడు. "చూడండన్నా, 640 చూపిస్తా ఉండాది. మా ఇంటి బోరు నీళ్లేమో 900. ఈ లెక్కన మా బోరు కంటే మోరీనే మేలు!" అందరూ నవ్వారు. నవ్వాక మాత్రం నాకు అర్థమైంది, కాలువలో ఏముందో తెలియకుండానే మేం డబ్బులు ఖర్చు పెట్టబోతున్నామని.

ఆ తర్వాత ఒక ఏడాది పాటు కిట్లు కొని, సీసాలు మోసి, లెక్కలు వేసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. తిరుపతిలోనో చిత్తూరులోనో మీ ఇంటి పక్క కాలువ గురించి మీ సంఘం ఏదైనా చేయాలనుకుంటుంటే, ఏది కొనాలో ఏది కొనకూడదో తేల్చుకోడానికి పనికొస్తుంది.

ముందు తేల్చుకోవలసింది: అది వంకా (వాన వాగా), మోరీనా?

తిరుపతి కాలువలు ఏడాదికి రెండు జన్మలెత్తుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో కొండ మీద పడిన వాన కపిలతీర్థం, మాల్వాడి గుండం వైపు నుంచి దిగి, ఊళ్లో కాలువల్లో పడి, పల్లానున్న స్వర్ణముఖి దారి పడుతుంది. 2021 నవంబరు మూడో వారంలో ఆ దారి ఎంత బలమైనదో ఊరంతా చూసింది. కపిలతీర్థం దగ్గర నీళ్లు ఎలా దూకాయో, ఎమ్మార్ పల్లి, ఆటోనగర్ వైపు ఇళ్లలోకి ఎలా వచ్చాయో మరిచిపోయినవాళ్లు లేరు. అదే కాలువను ఏప్రిల్‌లో చూడండి. వాన లేదు, ఊట లేదు. అయినా పారుతూనే ఉంటుంది. ఆ పారేదంతా మన స్నానాల గదుల నుంచి, వంటిళ్ల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి పొంగి వచ్చినదే.

కాబట్టి ఎండాకాలపు కాలువను "శుభ్రం చేయడం" అంటే నిజానికి మురుగును శుద్ధి చేయడమే. అది వేరే పని, వేరే ఖర్చు. వానాకాలపు కాలువలో మంచినీళ్లలో మురుగు కలుస్తోంది కాబట్టి, ఎక్కడ కలుస్తోందో పట్టుకుంటే సగం పని అయినట్టే. మీ పరీక్షలు వానలు తగ్గాక, డిసెంబరు, జనవరిలో మొదలుపెట్టమని చెప్పేది అందుకే. ఏప్రిల్‌లో ఏ చోట ముంచినా ఒకే జవాబు వస్తుంది, మనకు తెలిసేదేమీ ఉండదు. ఇంకో సంగతి: చాలా రోజుల ఎండ తర్వాత పడిన మొదటి వానకు రోడ్ల మీది చెత్త, నూనె అంతా కొట్టుకొస్తుంది. ఆ గంటలో తీసిన నీళ్లతో ఏ నిర్ణయానికీ రావద్దు.

ఏ పరీక్ష కొనాలి

టీడీఎస్ పెన్ను చవక, కొన్ని వందల్లో దొరుకుతుంది, అందుకే అందరి దగ్గరా ఉంటుంది. అది నీళ్లలో కరిగిన లవణాలను మాత్రమే చూస్తుంది. మలం, సూక్ష్మజీవులు, కుళ్లు దాని కంటికి కనపడవు. మన బోర్లలో రాతి నేల ఉప్పులే ఎక్కువ కాబట్టి 900 చూపిస్తుంది, మురుగులో 640 చూపిస్తుంది. ఆ అంకెతో మంచి నీళ్లో చెడ్డ నీళ్లో చెప్పేవాళ్లను నమ్మకండి. అయితే పారేయకండి కూడా. ఒకే కాలువ వెంబడి, ఒకే గంటలో, పైనుంచి కిందికి నడుస్తూ ముంచుతూ పోతే, ఒక పైపు దాటాక అంకె గబుక్కున పెరిగిందంటే అక్కడ ఏదో కలుస్తోందని అర్థం. మంచీ చెడూ చెప్పదు గానీ, ఎక్కడ తేడా ఉందో పట్టిస్తుంది. ఆ పనికి దాన్ని మించింది లేదు.

గ్రామాల్లో తాగునీటికి వాడే హెచ్2ఎస్ సీసా ఒకటుంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మల కాలుష్యం ఉంటే నల్లబడుతుంది. బోరుకు, సంపుకు, కుళాయికి భేషుగ్గా పనిచేస్తుంది. కాలువకు మాత్రం దండగ. ఏ సీసా అయినా నల్లబడుతుంది, పట్టింపు లేదు. మేం ఆరు కొని ఆరూ నలుపు చేసుకున్నాం. ఆ డబ్బులతో కాలువ ఒడ్డున ఉన్న ఇళ్ల బోర్లు పరీక్షించి ఉంటే బాగుండేది.

నేను కొనమనేది రెండే. ఒకటి అమ్మోనియా కిట్. అక్వేరియం షాపుల్లో చేపల తొట్ల కోసం అమ్మేదే. కొండ వాన నీళ్లలో అమ్మోనియా దాదాపు ఉండదు, పచ్చి మురుగులో లీటరుకు పదుల మిల్లీగ్రాములు ఉంటుంది. ఇంత తేడా ఉన్న చోట చవక కిట్ కూడా అబద్ధం చెప్పదు. చిక్కల్లా ఒకటే: అక్వేరియం కిట్ రంగుల పట్టీ చిన్న అంకెలతోనే అయిపోతుంది. కాలువ నీళ్లు ఒక వంతుకు ఆర్వో నీళ్లు తొమ్మిది వంతులు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను పదితో గుణించండి.

రెండోది కరిగిన ఆక్సిజన్ కిట్. మీటర్లు కూడా ఉన్నాయి, మంచివి ఒక ఫోను ధర పలుకుతాయి, ముల్లును తరచూ సరిచూసుకోకపోతే తప్పు చూపిస్తాయి. చుక్కల కిట్ చవక, పైగా చూసేవాళ్లకు కథ చెప్పినట్టుంటుంది. దాన్ని కొంచెం దగ్గరగా చెబుతా, ఎందుకంటే మా కాలనీలో అందరి మనసూ మార్చింది ఆ సీసానే.

గాజు మూత సీసాను నీళ్లలో ముంచి, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా నింపాలి. మొదటి మందు, రెండో మందు వేసి మూత పెట్టి తిప్పితే సీసాలో మడ్డి దిగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి గోధుమరంగు. లేకపోతే తెల్లగా, విరిగిన పాలలా ఉంటుంది. ఇక్కడికే సగం జవాబు తెలిసిపోయింది. తర్వాత ఆమ్లం వేస్తే మడ్డి కరిగి, నీళ్లు పల్చటి టీ డికాక్షన్ రంగుకు వస్తాయి. చివరి ద్రావణాన్ని ఒక్కో చుక్కా లెక్కపెడుతూ వేస్తూ, మధ్యలో గంజి ద్రావణం కలిపితే ముదురు నీలం వస్తుంది. ఆ నీలం పోయేదాకా పడిన చుక్కలే లెక్క. మా కిట్‌లో ఒక్కో చుక్క అర మిల్లీగ్రాము. పై కల్వర్టు దగ్గర పదకొండు చుక్కలు పట్టాయి, అంటే లీటరుకు 5.5. కాలువలోకి తెరుచుకున్న ఒక అపార్ట్‌మెంటు పైపు దాటి నలభై అడుగులు కిందికి పోయి ఇంకో సీసా ముంచితే తెల్ల మడ్డి దిగింది. చుక్కలు లెక్కపెట్టే పనే లేకపోయింది.

ఈ మందుల్లో విషమూ ఉంది, గాఢ ఆమ్లమూ ఉంది. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి, వాడిన నీళ్లను మళ్లీ కాలువలో పారబోయకూడదు. పిల్లలతో చేయించాలనుకుంటే సైన్సు మాస్టారు పక్కన ఉండాల్సిందే.

ఎన్ని గంటలకు ముంచారన్నది కూడా ముఖ్యం. పచ్చటి పాచి పట్టిన చెరువులో మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే ఆక్సిజన్ అదిరిపోయేలా ఉంటుంది, ఎండలో పాచి దాన్ని తయారుచేస్తుంది కాబట్టి. రాత్రంతా అదే పాచి అదే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. తెల్లారి చేపలు తేలేది అందుకే. కొలిచేదేదో పొద్దున ఆరింటికే కొలవండి, ప్రతిసారీ అదే గంటకు. మన ఎండల్లో, 30 డిగ్రీల వేడిలో, ఎంత శుభ్రమైన నీళ్లలోనైనా ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలవదు. కాబట్టి 8, 9 రాలేదని దిగులు పడక్కర్లేదు.

మరి ఎంత వస్తే చాలు? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో, స్నానానికి పనికొచ్చే నీటికి ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, బీఓడీ (నీళ్లలోని కుళ్లును తినడానికి సూక్ష్మజీవులు లాగేసే ఆక్సిజన్) 3కు మించకూడదు. చేపలు బతకడానికి ఆక్సిజన్ 4 ఉండాలి. ఊరి కాలువకు స్నానం ప్రమాణం పెట్టుకోవడం అత్యాశ. చేప ప్రమాణం పెట్టుకోండి, నాలుగు. అంటే ఎనిమిది చుక్కలు.

బీఓడీ, మల కోలిఫాం (మలంలో ఉండే బ్యాక్టీరియా) మాత్రం ఇంట్లో చేసేవి కావు. బీఓడీకి సీసాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూడాలి, కోలిఫాంకు స్టెరిలైజ్ చేసిన సీసా, ఐస్ పెట్టె కావాలి, ఆరు గంటల్లో ల్యాబుకు చేరాలి. ఏడాదికి రెండుసార్లు, రెండు మూడు చోట్ల నుంచి తీసి గుర్తింపు ఉన్న ల్యాబుకిస్తే చాలు. నగరపాలక సంస్థకు అర్జీ పెట్టేటప్పుడు మన చుక్కల లెక్క కంటే ఆ కాగితానికే విలువ. ఊరంతా విశ్వవిద్యాలయాలే కదా, ఎస్వీయూ, పద్మావతి, ఐఐటీ, ఐసర్. పర్యావరణం చదివే పిల్లలకు ప్రాజెక్టు కావాలి, మనకు అంకెలు కావాలి. అడిగి చూడండి.

నీళ్లలో అమర్చి ఇరవైనాలుగు గంటలూ ఫోనుకు అంకెలు పంపే సెన్సార్ల గురించి అడిగేవాళ్లున్నారు. శుద్ధి కేంద్రం బయటికి వదిలే చోట అవి సబబే. వీధి కాలువలో వారం తిరక్కముందే పాచి పట్టి పిచ్చి అంకెలు చూపిస్తాయి, లేదంటే ఎవరో ఒకరు ఊడబెరుక్కుని పోతారు.

చిత్తూరు సంగతి వేరు

పైన చెప్పిన అమ్మోనియా కిట్ ఇళ్ల మురుగుకే. చిత్తూరు వైపు జూన్, జూలైలలో మామిడి గుజ్జు సీజను. తోతాపురి కడిగిన నీళ్లు, పిండగా మిగిలిన రసం ఎక్కడైనా వంకలోకి చేరితే అందులో అమ్మోనియా పెద్దగా ఉండదు, కిట్ "బాగానే ఉంది" అంటుంది. కానీ ఆ పులుపూ తీపీ కుళ్లడానికి ఆక్సిజన్‌నంతా లాగేస్తాయి, బీఓడీ మామూలు మురుగును మించిపోతుంది. అక్కడ చవకైన కొనుగోలు నీళ్ల పులుపు చూపే పీహెచ్ పట్టీలు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మామూలు వంక నీరు 7, 8 మధ్య ఉంటుంది. 5కు దిగితే అనుమానించండి. నీవా నది ఒడ్డునున్నవాళ్లు సీజనులో వారానికోసారి పట్టీ ముంచి, తేదీ వేసి, ఫోటో తీసి పెట్టుకుంటే చాలు, ఇంకేమీ కొననక్కర్లేదు. దీనికి వైద్యం కూడా కాలువలో చేసేది కాదు, ఫ్యాక్టరీ గోడ లోపలే సున్నంతో పులుపు విరిచి, కుళ్లబెట్టే తొట్లలో శుద్ధి చేసి వదలాలి.

నీళ్లు దేనికి వాడతారన్న దాన్ని బట్టే మంచీ చెడూ అన్నది శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లను చూస్తే తెలుస్తుంది. కరక్కాయలో నానిన గుడ్డను వాళ్లు స్వర్ణముఖి పారే నీటిలో జాడించేవాళ్లు. ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి తగిలితేనే కరక్కాయ నలుపు తిరుగుతుంది. అదే ఇనుము నీళ్లలో ఉంటే తెల్లగా ఉండాల్సిన గుడ్డ మాసిపోతుంది. మనం పట్టించుకోని ఇనుము వాళ్లకు కొంప ముంచేది.

ఇక వైద్యాలు

పోల్చే ముందు ఒక నిమ్మకాయ పట్టుకుని కాలువ దగ్గరికి పదండి. నేరుగా ఉన్న చోట పది మీటర్లు కొలిచి, నిమ్మకాయ వదిలి, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మా కాలువ మీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల లోతు, నిమ్మకాయకు యాభై సెకన్లు. పైన పారినంత వేగంగా అడుగున పారదు కాబట్టి కొంచెం తగ్గించి లెక్కేస్తే సెకనుకు దాదాపు 17 లీటర్లు. రోజంతా అలాగే పారితే 14 లక్షల లీటర్లకు పైనే. మనిషికి 135 లీటర్ల సరఫరాలో 80 శాతం మురుగై వస్తుందనుకుంటే, పారేదంతా మురుగే అయితే ఇది పదమూడు వేల మంది మురుగు. మా కాలనీలో ఉండేది రెండొందల ఇళ్లు. పై కాలనీలన్నిటి భారం మా గుమ్మం ముందు పారుతోందన్నమాట. ఈ లెక్క తేలాక సగం మందులు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి.

బ్యాక్టీరియా డ్రమ్ములు ముందు పోయాయి. నిలిచిన గుంటలో అవి కొన్నాళ్లు కంపు తగ్గిస్తాయి. సెకనుకు 17 లీటర్లు పారే చోట పొద్దున పోసింది మధ్యాహ్నానికి మన హద్దు దాటిపోతుంది, మళ్లీ పోయాలి, మళ్లీ కొనాలి. అమ్మేవాళ్లకు లాభసాటి. ఫౌంటెన్ కూడా అంతే. చెరువులో, అదీ మురుగు రాకుండా ఆపాక, రాత్రిళ్లు చేపలు చావకుండా కాపాడ్డానికి ఇలాంటి ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఉపయోగం. కాలువలో మురుగు తుంపర్లను ముఖాన కొట్టించుకోవడం తప్ప ఇంకేం లేదు.

స్లాబ్ వేసి మూయడం అన్నిటికంటే చెడ్డది, అన్నిటికంటే జనం అడిగేదీ అదే. మూశాక పూడిక తీయలేరు, దొంగ పైపు ఎక్కడుందో కనిపించదు, నవంబరులో కొండ నీళ్లు వస్తే పట్టేంత చోటుండదు. మా మీటింగులో దీని మీదే గంటసేపు గొడవ. 2021లో ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చిన పెద్దాయన ఒకరు లేచి మాట్లాడాక ఆగింది.

పూడిక తీయడం తప్పనిసరి, కానీ అది వరదకు మందు, నీటి నాణ్యతకు కాదు. తీసిన బురదను గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి పోతుంది. ట్రాక్టరుతో సహా బేరమాడండి. ప్లాస్టిక్ పట్టే జాలీ మంచిదే, రోజూ తీసేవాడు ఉంటేనే. తీయని జాలీ వారంలో ఆనకట్ట అవుతుంది. పైకెత్తే వీలున్న జాలీ చేయించి, అక్టోబరుకు ముందే తీసి పక్కన పెట్టించండి.

మిగిలినవి రెండు: మొక్కల మడి, మురుగును దారి మళ్లించడం.

కంకర పరిచి జమ్ము, మెట్టతామర నాటిన మడిలోంచి మురుగును నెమ్మదిగా పారిస్తే, వేర్ల దగ్గరి సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. కరెంటు అక్కర్లేదు, చూడ్డానికీ బాగుంటుంది. కానీ మన వేడి ప్రాంతంలో మనిషికి ఒకటి నుంచి మూడు చదరపు మీటర్ల చోటు కావాలి. మా రెండొందల ఇళ్లకు, ఎనిమిది వందల మందికి, 20 నుంచి 60 సెంట్లు. కాలువ మొత్తాన్ని శుద్ధి చేయాలంటే తక్కువలో తక్కువ మూడెకరాలకు పైన. తిరుపతిలో సెంటు ధర తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఊరి అంచున, భూగర్భ డ్రైనేజీ ఇంకా రాని చోట, పంచాయతీ పోరంబోకు ఏదైనా ఉంటే మాత్రం నేను దీనికే ఓటేస్తా. ఇళ్లు వరుసగా ఉండి మురుగు ఒకే మూలకు చేరే లేఅవుట్లకు భలే కుదురుతుంది. ముందు సెప్టిక్ ట్యాంకులో మడ్డి దిగాకే మడిలోకి వదలాలి, లేకపోతే రెండేళ్లలో కంకర మూసుకుపోతుంది. గుర్రపు డెక్క మాత్రం ఎవరు చెప్పినా వేయకండి. మురుగును తింటుందన్నది నిజమే, వారం వారం తీసి బయట పారేయకపోతే అది చచ్చి కుళ్లి తిన్నదంతా తిరిగి కక్కుతుంది. ఎవరు తీస్తారు?

భూగర్భ డ్రైనేజీ లైను మీ వీధిలోనే పోతుంటే, ఇంక పోలిక అక్కర్లేదు. కాలువలోకి తెరుచుకున్న పైపులను మూసి ఆ లైనుకు కలపడమే. అక్కడి నుంచి తూకివాకంలోని శుద్ధి కేంద్రానికి చేర్చడం నగరపాలక సంస్థ పని. మన పని ఏ పైపు ఎవరిదో తేల్చడం. మా వీధిలో లైను వేసి ఏళ్లయింది, మ్యాన్‌హోళ్లు ఉన్నాయి, కనెక్షన్ తీసుకోనివాళ్లూ ఉన్నారు. ఇంటి ముందు రోడ్డు తవ్వాలి, మేస్త్రీకి డబ్బులివ్వాలి, వెనక కాలువ ఊరికే ఉంది కదా అన్న ధీమా. ఈ పద్ధతిలో మెరిసే వస్తువేదీ ఉండదు, ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టే చోటుండదు. బహుశా అందుకే మీటింగుల్లో దీని పేరెవరూ ఎత్తరు.

మేం చివరికి ఖర్చు పెట్టింది దీనికే. కాలువ వెంట నడిచి, పైపులన్నిటికీ సుద్దతో నంబర్లు వేశాం. పద్నాలుగు. పెన్ను, అమ్మోనియా కిట్ పట్టుకుని వరుసగా చూస్తే అందులో ఎనిమిది ఒట్టి వాన నీటి పైపులు. ఆరు మురుగువి, వాటిలో ఎక్కువ భాగం ఆ అపార్ట్‌మెంటుదే. వాళ్ల సెక్రటరీ సారు మొదట ఒప్పుకోలేదు. "మాది సెప్టిక్ ట్యాంకు సార్, బయటికి చుక్క రాదు" అన్నారు. ఆదివారం పొద్దున ఆరింటికి రమ్మని పిలిచి, పైపుకు పైన ఒక సీసా, కింద ఒక సీసా ఆయన చేతే ముంచించాం. గోధుమరంగు ఒకటి, తెల్లది ఒకటి. ఆయన రెండూ ఎండకు పట్టుకుని చాలాసేపు చూశారు. నెలన్నరలో కనెక్షన్ కలిపారు, రోడ్డు తవ్వకం ఖర్చులో సగం సంఘం భరించింది.

జనవరి ఆఖరి ఆదివారం మళ్లీ ముంచాం. అపార్ట్‌మెంటు కింద ఆరు చుక్కలు పట్టాయి, లేత గోధుమ. ఎనిమిదికి ఇంకా రెండు తక్కువ. కింది వంతెన దగ్గర మాత్రం మడ్డి తెల్లగానే దిగింది, ఆ మధ్యలో పదకొండు, పదమూడు నంబర్ల పైపులు ఇంకా తెరిచే ఉన్నాయి.